భూకంపములు – మన యిండ్లు

భూమికి మన పెద్దలు పెట్టిన పేళ్లలో అచల యనునది యొకటి, స్థిర యనునది మఱియొకటి. కదలనిది, నిలుకడ గలదియని వాని యర్థము. ఎంత భారము మోపినను ఓర్చుకొనునది గనుక సర్వంసహ యనియు పేరు గలదు. స్త్రీ యోర్పును భూమితో పోల్చుట మన దేశమున పరిపాటి. అయినను ఓర్పునకొక మేర గలదు. నేలయు నొక్కొక్కప్పుడు కదలును. ఆ కదలిక యేల కలుగునో, కలిగినపుడు ఇంటిని, ఇంటియందలి పిల్లలను, వృద్ధులను ఎట్లు కాపాడుకొనవలయునో తెలిసికొనుట గృహిణికి వంటయు శిశుపోషణమును తెలిసికొనుటవలెనే యవసరమని తలచి ఈ వ్యాసమును మా సోదరీమణుల ముందుంచుచున్నాము.

2024వ సంవత్సరము డిసెంబరు 4వ తేదీ బుధవారము ఉదయము 7 గంటల 27 నిమిషములకు ములుగు జిల్లాలో భూకంపము కలిగెను. దాని పరిమాణము 5.3 అనియు, అది పుట్టిన చోటు భూమిలో 40 కిలోమీటర్ల లోతున నున్నదనియు జాతీయ భూకంప విజ్ఞాన కేంద్రమువారు ప్రకటించిరి. సమ్మక్క సారలమ్మలు వెలసిన మేడారమునకు చేరువ యరణ్యప్రాంతము దాని కేంద్రము. వరంగల్లు, ఖమ్మము, కొత్తగూడెము మొదలుకొని రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరమున నున్న హైదరాబాదు వఱకు జనులు ఆ చలనమును గుర్తించిరి. ఖమ్మము వరంగల్లుల నడుమ బాటపై నున్న మా మరిపెడకు ఆ కేంద్రము నూరు కిలోమీటర్లకు మించిన దూరము. దైవానుగ్రహమువలన ఎచ్చటను ప్రాణనష్టము కలుగలేదు.

ఆ ఘడియ యెట్టిదో గృహిణులకు చెప్పనక్కఱలేదు. ఉదయము ఏడున్నర వేళ ఏ యింట చూచినను పొయ్యి వెలుగుచుండును. ఒకవైపు పాలు కాగుచుండును, మఱియొకవైపు బడికి పోవు పిల్లల డబ్బాలు సర్దబడుచుండును. పురుషులు వాకిటనో, పొలమునకు పోవు త్రోవనో యుందురు. ఇల్లాలు మాత్రము గోడల నడుమ, నిప్పు ప్రక్కన నుండును. ఇల్లు కదలినచో ముందుగా నపాయమునకు గుఱియగునది ఆమెయు, ఆమె చంకనున్న బిడ్డయు, మూలగదిలో మంచముపట్టియున్న అత్తగారును. భూకంపము శాస్త్రజ్ఞులకు మాత్రమే సంబంధించిన విషయమనుకొనుట పొరపాటని మేము చెప్పుటకు ఇదియే కారణము.

శకునమా, శిక్షయా?

ఆ సంవత్సరమే ఆగస్టు నెల కడపట, సెప్టెంబరు నెల మొదట కురిసిన భారీ వర్షములకు ఆకేరు పొంగి మరిపెడ మండలమున తండాలను, పొలములను ముంచెను. ఇంచుమించు ఆ దినములందే తాడ్వాయి మేడారముల నడుమ యడవిలో పెనుగాలికి వేలకొలది వృక్షములు నేలకొఱిగెను. మూడు నెలలకు భూమియు కదలెను. ఇన్ని యొక్క యేటనే కలుగుటచే కొందఱు ఇది యేదో కీడునకు సూచనయని భయపడిరి. భయపడుట సహజమే. కాని వరద వానవలన వచ్చినది. వృక్షములు గాలివలన కూలినవి. భూకంపము భూమి లోతులనుండి వచ్చినది. మొదటి రెండును ఆకాశమునకు సంబంధించినవి. మూడవదానికి మబ్బుతోగాని, గాలితోగాని పొత్తు లేదు.

ఈ శంక మన యూరివారికి మాత్రమే కలిగినది గాదు. 1934 జనవరి 15వ తేదీన బీహారునందును నేపాళమునందును మహాభూకంపము కలిగి వేలకొలది జనులు మరణించిరి. అప్పుడు గాంధీమహాత్ముడు అది అస్పృశ్యతాపాపమునకు దైవము విధించిన శిక్షయని పలికెను. అస్పృశ్యతా నివారణమున ఆయనతో నేకీభవించు రవీంద్రనాథ ఠాకూరు ఈ మాటను మాత్రము బహిరంగముగా ఖండించెను. భౌతికమైన యుత్పాతమునకు భౌతికమైన కారణమే యుండునని ఆయన వాదము. ఇరువురును మనకు పూజ్యులే. అయినను భూకంపమున మొదట నలిగిపోవువారు బలహీనమైన గోడల మధ్య నిదురించు బీదలును, పసిపాపలునని తలచుకొన్నచో ఠాకూరు మాటయే మనసునకు సరిపడును. కారణము తెలిసినచోట భయము తగ్గి జాగ్రత్త పెరుగును. కావున కారణమును విచారింతము.

బొగ్గు నిచ్చిన లోయ

భూమి పైపెంకు ఒక్క ముక్కగా లేదు. అది పెద్ద పెద్ద పలకలుగా విడివడియున్నది. మన దేశము నిలిచియున్న పలక సంవత్సరమునకు ఇంచుమించు 5 సెంటీమీటర్ల చొప్పున ఉత్తరముగా జరుగుచు ఆసియాఖండమును ఒత్తుచున్నది. ఆ యొత్తిడివలననే హిమాలయములు లేచినవి. ఆ యొత్తిడి హిమాలయముల యొద్దనే నిలిచిపోక వెనుకనున్న దక్కను పీఠభూమికిని ప్రాకును. బోర్లించిన మట్టిమూకుడును అంచున నొక్కినచో ఎచ్చట పాత బీట యున్నదో అచ్చటనే అది విచ్చును గదా. భూమియు నట్లే. పూర్వము పగిలిన చోటులనే భ్రంశములందురు. శిలలు ఆ బీటకు ఇరుప్రక్కల ఒత్తుకొని చిరకాలము నిలిచియుండి, ఒత్తిడి మితిమీఱినపుడు ఒక్క క్షణమున జరుగును. ఆ జరుగుటవలన పుట్టిన యదురు అలలుగా వచ్చి మన యిండ్లను కదల్చును.

మన ప్రాంతమున అట్టి పాత బీటలు గోదావరి లోయలో గలవు. ప్రాణహిత గోదావరుల వెంట వాయవ్యమునుండి ఆగ్నేయమునకు పొడుగుగా నేల క్రుంగి కోట్లకొలది సంవత్సరముల క్రిందట ఒక గొప్ప కందకము ఏర్పడెను. దానిలో ఇసుకయు, ఒండ్రుమట్టియు, అడవుల కళేబరములును పేరుకొని 25 కోట్ల సంవత్సరములకు పూర్వమే బొగ్గు పొరలుగా మాఱెను. ఇల్లెందు, కొత్తగూడెము, రామగుండము, భూపాలపల్లి గనులనుండి సింగరేణి సంస్థవారు త్రవ్వుచున్న బొగ్గు అదియే. మన యిండ్లలో దీపము వెలుగుటకు కారణమైన ఆ లోయ యంచులందే భ్రంశములును గలవు. శాస్త్రజ్ఞులు వానికి కడెము, కిన్నెరసాని మొదలగు ఏళ్ల పేళ్లు పెట్టిరి. మరిపెడ ఆ లోయకు పడమటి దిక్కున నున్నది. లోయలో కలిగిన యదురు మన గడపకు చేరుటకు నిమిషమైనను పట్టదు.

2024లో కలిగినది మొదటిది గాదు. 1967 మార్చి 27వ తేదీన ఒంగోలు ప్రాంతమునను, 1969 ఏప్రిల్ 13వ తేదీన భద్రాచల ప్రాంతమునను ఐదునకు మించిన పరిమాణము గల భూకంపములు కలిగెను. భద్రాచలపు కంపమునకు కిన్నెరసాని గోదావరీ భ్రంశము కారణమని శాస్త్రజ్ఞులు తలచిరి. 2020 జనవరి 26వ తేదీ తెల్లవాఱక ముందే మనకు దక్షిణమున సూర్యాపేట జిల్లాలో, కృష్ణానది చేరువను, 4.6 పరిమాణము గల కంపము కలిగి నిదురించువారిని లేపెను. అనగా ఒక తరమునకు ఒకటి రెండు పర్యాయములు ఈ నేల మనకు జ్ఞాపకము చేయుచునే యున్నది. అవ్వలు మరచిన దానిని మనుమరాండ్రు క్రొత్తగా నేర్చుకొనుచున్నారు.

దూరమును లోతును

భూకంపపు పరిమాణమును తెలుపు సంఖ్యనుగూర్చి యొక మాట. 5కును 6కును భేదము ఒకటియే కదాయని యెంచరాదు. సంఖ్య యొకటి పెరిగినచో నేల యూగుట పదిరెట్లును, వెలువడు శక్తి ఇంచుమించు ముప్పదిరెండు రెట్లును పెరుగును. అయితే సంఖ్య యొక్కటే కీడును నిర్ణయింపదు. అది ఎంత దూరమున, ఎంత లోతున, ఎట్టి యిండ్ల క్రింద పుట్టినదన్నదియు చూడవలయును.

న్యూజీలండు దేశమందలి క్రైస్టుచర్చి నగరము దీనికి చక్కని నిదర్శనము. 2010 సెప్టెంబరు 4వ తేదీన ఆ నగరమునకు పడమట 40 కిలోమీటర్ల దూరమున 7.1 పరిమాణముతో భూకంపము తెల్లవాఱుజామున కలిగెను. ఇండ్లు చాల చెడినవి గాని, ఇండ్లు కూలి మరణించినవా రెవ్వరును లేరు. ఐదున్నర నెలలకు, 2011 ఫిబ్రవరి 22వ తేదీన, మధ్యాహ్నము 12 గంటల 51 నిమిషములకు, 6.2 పరిమాణము గల చిన్న కంపము అదే నగరమును తాకెను. ఈ పర్యాయము 185 మంది మరణించిరి. చిన్నది పెద్దదానికంటె క్రూరమైనదేల? అది నగరమునకు సరిగా దాపున, స్వల్పమైన లోతున పుట్టినది. ఆ బీట అచ్చట నున్నదని అంతకుముందు ఎవ్వరికిని తెలియదు. వేళయు నట్టిదే, జనులు కార్యాలయములందును, వీథులందును నిండియుండిరి.

ములుగు కంపము అరణ్యము క్రింద, చాల లోతున పుట్టినందుననే మనము తేలికగా బయటపడితిమి. అంతియేగాని మన గోడలు గట్టివగుటచేత గాదు. ఈ భేదమును మఱవరాదు.

కప్పు క్రింద నిదురించువారు

మన ప్రాంతపు ఇండ్ల విషయమై తలచినపుడు 1993 సెప్టెంబరు 30వ తేదీ జ్ఞప్తికి రావలయును. పొరుగున నున్న మహారాష్ట్రమున, లాతూరు జిల్లా కిల్లారి యను గ్రామప్రాంతమున, వేకువ 3 గంటల 56 నిమిషములకు 6.2 పరిమాణముతో భూమి కదలెను. ముందు దినము గణపతి నిమజ్జనము. ఉత్సవమున రాత్రి చాలసేపు మేల్కొనియుండి జనులు గాఢనిద్రలో నుండిరి. ఇంచుమించు ఎనిమిది వేల జనులు మరణించిరి. పదివేల వఱకు నుండవచ్చుననియు లెక్కింపబడెను. ఏబదికి పైగా గ్రామములు నేలమట్టమైనవి. అప్పటి ప్రభుత్వ పటములో ఆ ప్రాంతము భూకంపభయము అన్నిటికంటె తక్కువ గల మండలమున చేర్పబడియుండెను.

అంతమంది యేల మరణించిరి? అచ్చటి గోడలు బండఱాళ్లను బురదతో పేర్చి కట్టినవి. రెండడుగులకు మించిన దళసరి గలవి. పైన దూలములపై అడుగునకు మించిన మందముగా మట్టి. ఎండకు చల్లగా, చలికి వెచ్చగా నుండునని తరతరములుగా ఆ విధముగా కట్టుకొనిరి. చూచుటకు కోటవలె గట్టివి. కాని బరువే వాని బలహీనత. నేల ప్రక్కకు కదలినపుడు గోడలోని ఱాళ్లు ఒకదానినొకటి పట్టుకొనలేక విడిపోవును. ఆధారము తప్పిన కప్పు ఉన్నదున్నట్లుగా నిదురించువారిపై బడును. 1995 జనవరి 17వ తేదీన జపాను దేశమందలి కోబె నగరమున 6,400 మందికి పైగా మరణించినపుడును ఇట్టిదియే జరిగెను. అచ్చటి పాత కొయ్యయిండ్లపై తుపానుగాలికి ఎగిరిపోకుండ బరువైన పెంకులు వేసియుండిరి. గాలికి మేలు చేసిన బరువు భూకంపమునకు కీడైనది. అదియు వేకువ 5 గంటల 46 నిమిషములకే కలిగినది.

మన పల్లెలందలి మట్టి మిద్దెలును, గూనపెంకుల యిండ్లును దీనినుండి పాఠము నేర్వవలయును. మిద్దె కాఱుచున్నదని ఏటేట వానకాలమునకు ముందు క్రొత్త మట్టి పోయుదుమే గాని, పాత మట్టిని తీసివేయుట అరుదు. ఇరువది ఏండ్లకు దూలముపై నెంత బరువు చేరునో యోచింపుడు. పాత మట్టిని తీసి, పలుచగ పోసికొనుటయే మేలు. చెదలు తిన్న దూలమును, కొన కుళ్లిన వాసమును చూచిన వెంటనే మార్పింపవలయును. మూలలయందు గోడలు విడి నిలువున బీట కనబడినచో దానిని సున్నముతో కప్పి పండుగకు ముగ్గువేసి మఱచిపోరాదు. ఆ బీటయే ముందుగా విచ్చును.

నగరమున నున్న మన బిడ్డలు

మన యూళ్లలో ఏ యింటివారిని అడిగినను కొడుకో, కూతురో, అల్లుడో హైదరాబాదున నున్నామందురు. అందువలన ఆ నగరము మాటయు మన యింటి మాటయే. హైదరాబాదు గట్టి నల్లఱాతి శిలపై వెలసినది. 2002లో ప్రకటింపబడిన పటమున దేశమును నాలుగు మండలములుగా విభజించి, అందు తక్కువ అపాయముగల రెండవ మండలమున హైదరాబాదును, దానికంటె నొక మెట్టు పైదగు మూడవ మండలమున భద్రాచల ప్రాంతపు గోదావరి లోయను చేర్చిరి. పూర్వపు మొదటి మండలము కిల్లారి యనుభవము తరువాత తీసివేయబడెను. భయము లేని చోటే లేదని దాని భావము. హైదరాబాదునను 1983లో మేడ్చలు ప్రాంతమున కంపము కలిగెను. 2020 అక్టోబరులో బోరబండ ప్రాంతమున చప్పుళ్లతో చిన్న చిన్న కంపములు పలుమాఱులు కలిగి జనులు రాత్రులు వీథులలో గడపిరి. ఉప్పలునందలి జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థవారు యంత్రములు నిలిపి వానిని పరీక్షించిరి.

నగరమున భయపడవలసినది నేలకంటె కట్టడములనుగూర్చియే. 2001 జనవరి 26వ తేదీన గుజరాతునందలి కచ్ఛ ప్రాంతమున మహాభూకంపము కలిగినపుడు, దానికి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరమున నున్న అహమ్మదాబాదున అంతస్తుల మేడలు కూలి వందలకొలది జనులు మరణించిరి. వానిలో పెక్కింటికి క్రింది యంతస్తున గోడలు లేవు. బండ్లు నిలుపుటకై స్తంభములు మాత్రమే విడువబడెను. పైన నిండుగోడల బరువు, క్రింద సన్నని కాళ్లు. నెత్తిపై గుండిగ నెత్తుకొని సన్నని పీటపై నిలుచున్న మనిషిని ఎవరైనను ప్రక్కకు లాగినట్లుండును. నేడు హైదరాబాదు, వరంగల్లు, ఖమ్మములందు లేచుచున్న మేడలలో ఈ మాదిరివి ఎన్నో గలవు. ఆ కట్టుబడి యంతయు చెడ్డదని మా యభిప్రాయము గాదు. స్తంభములు తగిన లావున, తగినంత యినుముతో, అడ్డగోడల సాయముతో కట్టినచో అవి నిలుచును. బిడ్డకు ఇల్లు కొనుటకై నగలమ్మి సొమ్ము ఇచ్చు తల్లి, నేలపై పఱచిన చలువఱాతి రంగుకంటె ముందుగా ఈ ప్రశ్న వేయవలయును: ఈ మేడకు భూకంపమును తట్టుకొను లెక్క ఇంజనీరు చేసెనా? ఆ లెక్క ప్రకారమే కట్టిరా? పత్రము చూపుదురా?

మేస్త్రీని అడుగవలసిన మాటలు

మరిపెడవంటి యూళ్లలో ఇల్లు కట్టించునపుడు వాస్తు చూపుదుము, ముహూర్తము పెట్టించుదుము, గడపకు పసుపు పూయుదుము. తప్పు లేదు. ఆ శ్రద్ధలో కొంచెము గోడల మీదను నిలుపవలయును. ఇల్లు కట్టు దినములలో కూలీలకు మంచినీళ్లు ఇచ్చుచు, ఇటుకలకు నీరు పట్టుచు పని దగ్గఱ నుండునది తఱచుగా ఇల్లాలే. ఆమె చూడదగినవి, అడుగదగినవి ఇవి.

మొదటిది, పునాది పైని, తలుపుల కిటికీల నెత్తిపైని, కప్పు క్రిందను ఇంటిని చుట్టి వచ్చు సిమెంటు ఇనుముల బెల్టులు. తట్టను విడిపోకుండ వెదురు కట్టు ఎట్లు బిగించునో, ఈ కట్లు నాలుగు గోడలను ఒక్కటిగా పట్టియుంచును. కిటికీపై మాత్రమే చిన్న ముక్క వేసి విడువక చుట్టును పూర్తిగా వేయుమని అడుగవలయును. రెండవది, గోడలు కలియు మూలలు. ఇటుకలు ఒకదానిలో నొకటి అల్లుకొనునట్లు రావలయును. ఒక గోడ నేడు, ఒక గోడ వచ్చేనెల కట్టి నడుమ సందు పూడ్చుట మంచిది గాదు. మూడవది, స్తంభములలోని నిలువుకడ్డీలను చుట్టు రింగులు. అవి దగ్గఱ దగ్గఱగ, ముఖ్యముగా స్తంభపు అడుగునను తలయందును, ఉండవలయును. వాని కొనలు లోపలికి బాగుగ వంపబడవలయును. నాలుగవది, నీరు. సిమెంటు పోసిన పిదప దినములకొలది తడుపకున్నచో అది బూడిదయే. ఐదవది, పిట్టగోడ. మిద్దెపై ఎత్తుగా, ఊత లేక నిలుచు పిట్టగోడలు వీథిలో నిలుచున్నవారిపై బడును. వీనికగు ఖర్చు ఇంటి మొత్తము ఖర్చుతో పోల్చినచో స్వల్పము. పిదప సరిచేయుటకు మాత్రము చాల పట్టును.

వంటయింటి నిప్పు

1923 సెప్టెంబరు 1వ తేదీన, మధ్యాహ్నము 12 గంటలకు రెండు నిమిషములు ముందుగా, జపాను రాజధాని తోక్యో ప్రాంతమును మహాభూకంపము కదల్చెను. అది భోజనముల వేళ. ఇంటింటను పొయ్యిలు మండుచుండెను. కూలిన కొయ్యయిండ్లకు ఆ నిప్పు అంటుకొని, గాలి తోడై, నగరము దహింపబడెను. లక్షకు పైగా జనులు మరణించిరి; అందు ఎక్కువమంది మంటలవలననే. జపానువారు నేటికిని సెప్టెంబరు 1వ తేదీని జాగ్రత్తలు నేర్చుకొను దినముగా పాటించి, బడిపిల్లలచే అభ్యాసము చేయించుచున్నారు. మనకును నేడు కట్టెల పొయ్యి తగ్గి గ్యాసు వచ్చినది. సిలిండరు నిలువుగా, గోడ మూలను, పడకుండునట్లు ఉంచవలయును. దాని మీటను కట్టుట ఇంటిలోని ప్రతివారికిని, పదియేండ్లు దాటిన పిల్లలకును నేర్పవలయును.

అటకలపై మన సంసారమంతయు నుండును. పెండ్లినాటి యిత్తడి గుండిగలు, రాగి బిందెలు, పాత ఇనుపపెట్టెలు అన్నియు నెత్తిమీదనే. వానిని క్రిందికి దింపుడు. తేలికవి పైన, బరువైనవి క్రింద నుంచుడు. బీరువాను గోడకు మేకులతో బిగింపించుడు. ధాన్యపు బస్తాలను మంచముల ప్రక్కన ఎత్తుగా పేర్చరాదు. ఉయ్యాలపైని, మంచము తలవైపునను అద్దములు, బరువైన పటములు తగిలింపరాదు. దీనికి రూపాయి ఖర్చు లేదు. ఒక మధ్యాహ్నపు పని.

ఆ క్షణమున

కంపము కొన్ని సెకనులే యుండును. అప్పుడు ఆలోచించుటకు వ్యవధి యుండదు. కావున ముందే నిర్ణయించుకొనవలయును. మట్టి మిద్దెలోగాని, పాత పెంకుటింటిలోగాని ఉండి, ద్వారము రెండు మూడడుగులలోనే యుండి, బయట ఖాళీ వాకిలి యున్నచో బిడ్డనెత్తుకొని వెంటనే బయటకు పోవుట మంచిది. సిమెంటు కప్పు గల గట్టి యింటిలోను, పై యంతస్తులలోను మాత్రము పరుగెత్తరాదు. గట్టి బల్ల క్రింద దూరి, తలను చేతులతో కప్పుకొని, బల్లకాలు పట్టుకొనవలయును. బల్ల లేనిచో లోపలి గోడ ప్రక్కన, కిటికీలకు బీరువాలకు దూరముగా, చిన్నగా ముడుచుకొనవలయును. మంచముపై నున్నవారు తలగడను తలపై పెట్టుకొని అచ్చటనే యుండుట మేలు. మెట్లపై తొక్కిసలాట కలుగును, లిఫ్టు ఎక్కనేరాదు. బయట నున్నవారు విద్యుత్తు తీగలకు, పిట్టగోడలకు, పాతగోడలకు దూరముగా నిలువవలయును.

కంపము ఆగిన పిదప గ్యాసు కట్టి, అగ్గిపుల్ల గీయక, దీపపు మీట నొక్కక, అందఱును బయటకు రావలయును. వెనువెంట చిన్న కంపములు వచ్చుట కలదు గనుక మఱచిపోయిన నగల కొఱకో, పత్రముల కొఱకో బీటలువాఱిన యింటిలోనికి మరల పోరాదు. ఒక సంచిలో మందులు, మంచినీరు, టార్చిదీపము, ముఖ్యపత్రముల నకళ్లు, పసివారి పాలడబ్బా ఎల్లప్పుడును సిద్ధముగ నుంచినచో ఆ తొందర యుండదు. ఈ సంచి ఆకేరు పొంగినపుడును పనికివచ్చును. ఫలానా రాత్రి ఫలానా గంటకు మరల భూమి కదలునని ఫోనులలో వచ్చు వార్తలను నమ్మరాదు, ఇతరులకు పంపరాదు. భూకంపము వచ్చు దినమును, గంటను ముందుగ చెప్పగల విద్య లోకమున ఇంకను ఎవ్వరికిని లభింపలేదు.

ఇంటికి పునాది యెంత లోతు, కప్పు యెంత బరువు, ఇనుము యెంత యను మాటలు మగవారివని మన స్త్రీలు తొలగియుండుట వాడుక. కాని దినమున ఎక్కువ గంటలు ఆ కప్పు క్రింద గడపునది స్త్రీయే. కావున ఆ మాటలలో ఆమెకు పాలుండుట న్యాయము. మరిపెడలోను, చుట్టుపట్టుల తండాలలోను స్త్రీల పొదుపు సంఘములు గలవు. నెలకొకసారి కూడినపుడు అప్పు లెక్కలతోబాటు ఒక్క గడియ ఈ విషయమును ముచ్చటించినచో, చదువనేర్చినవారు చదువనేరనివారికి ఈ నాలుగు మాటలు చెప్పినచో, మా శ్రమ ఫలించినట్లే. సోదరీమణులు ఈ సంచికను ప్రక్కన పెట్టిన వెంటనే ఒకసారి తమ యింటి అటకలవంక చూచి, బిడ్డ పండుకొను చోటికి పైన నున్న బరువులను నేడే దింపుదురుగాక.